కరిచిన కుక్క ఎవరిది?
‘మాది కాదు’ అంటే బాధ్యత తీరదు

మోత్కూర్‌: వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని కుక్క కరిస్తే గ్రామాల్లో తరచూ తలెత్తే తగాదా చికిత్స గురించి కాదు, ఆ కుక్క ఎవరిదన్న దాని గురించే. నిన్నటి వరకు ఇంట్లో మిగిలిన అన్నం తిని, రాత్రిళ్లు వాకిలి కాసిన కుక్క, కరిచిన మరుక్షణం వీధి కుక్కగా మారిపోతుంది. ‘అది మాది కాదు’ అని యజమాని చేతులు దులుపుకొంటే పంచాయితీ అక్కడితో సరి. 2016లో నల్గొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చి, 2018లో పురపాలక సంఘమైన మోత్కూరు వంటి చోట్ల ఈ చిక్కు మరీ ఎక్కువ. పేరుకు పట్టణమే అయినా కుక్కను పెంచే తీరు పల్లెదే. గొలుసు వేసి కట్టేవారు తక్కువ.

చట్టం మాత్రం ఈ దారిని అంత సులువుగా వదిలిపెట్టలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌ ప్రకారం, తన స్వాధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం, తీవ్ర గాయాలు కలగకుండా తగు జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత శిక్షాస్మృతి 289వ సెక్షన్‌లో జరిమానా వెయ్యి రూపాయలే. పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరమిది. ఇందులో కీలకమైన మాట ‘స్వాధీనం’. లైసెన్సు ఉందా లేదా అని ఈ సెక్షన్‌ అడగదు. నిత్యం తిండి పెట్టి ఆవరణలో ఉంచుకున్నారని ఇరుగుపొరుగు చెబితే ‘మాది కాదు’ అన్న వాదన నిలవడం కష్టం. అయితే రోజూ ముఖాలు చూసుకోవాల్సిన ఆ ఇరుగుపొరుగే సాక్ష్యానికి జంకుతారు. వివాదాలు ఠాణా గడప తొక్కకుండా ఆగిపోయేది అక్కడే.

హైదరాబాద్‌ బంజారాహిల్స్‌లో 2023 జనవరిలో ఆహారం అందించేందుకు వెళ్లిన యువకుడు పెంపుడు కుక్క మీదకు రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి మరణించాడు. ప్రాణం తీసింది కాటు కాదు, అయినా యజమానిపై కేసు నమోదైంది. మరుసటి నెలలోనే అంబర్‌పేటలో వీధి కుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలయ్యాడు. అక్కడ యజమాని అంటూ ఎవరూ లేరు. 2023 మార్చిలో వెలువడిన జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు కుక్కకు టీకాలు, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించే బాధ్యతను యజమానిపై, వీధి కుక్కల బాధ్యతను స్థానిక సంస్థపై ఉంచాయి. యజమాని కాదన్న కుక్క పురపాలక సంఘం లెక్కలోకి వస్తుంది. ఎవరి లెక్కలోనూ లేని కుక్క ఉండదు. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లలోని వీధి కుక్కలను తరలించి, తిరిగి అక్కడ వదలరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది.

పరిహారం సంగతి వేరు. రోడ్డు ప్రమాద బాధితులకు ట్రైబ్యునల్‌ ఉంది, కుక్క కాటుకు అటువంటిది లేదు. సివిల్‌ కోర్టులో నష్టపరిహారం కోరవచ్చు గానీ కూలి కుటుంబానికి అది అయ్యే పనేనా? పంజాబ్‌-హర్యానా హైకోర్టు 2023లో ఒక్కో పంటి గాటుకు కనీసం రూ.10 వేలు చొప్పున ప్రభుత్వమే ముందుగా చెల్లించి, బాధ్యులైన సంస్థ లేదా వ్యక్తి నుంచి రాబట్టుకోవచ్చని తీర్పునిచ్చింది. నోయిడాలో పెంపుడు కుక్క ఎవరినైనా గాయపరిస్తే యజమానికి రూ.10 వేల జరిమానాతో పాటు చికిత్స ఖర్చూ మోపుతూ 2022లో నిర్ణయించారు. తెలంగాణకు ఆ తీర్పు వర్తించకపోయినా, ఇక్కడి పురపాలక సంఘాలు పరిశీలించదగిన మార్గాలివి.

యజమాని ఎవరో తేలడం జరిమానా కోసమే కాదు. కాటు పడిన చోట సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక టీకా మొదలుపెట్టించాలి. కుక్కను పది రోజులు కట్టి గమనిస్తే, అది ఆరోగ్యంగా ఉందంటే రేబిస్‌ భయం లేదని వైద్యులు తేల్చగలరు. యజమాని దాన్ని దాచినా, గొడవకు జడిసి చంపించినా ఆ ఆధారం పోతుంది.