మోటుపల్లి మాట, లండను వాయిదా

1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమును తలచినపుడెల్ల, సముద్రవర్తకమునకు మూలధనము నమ్మకమే యని నాకు తోచుచుండును. గాలివానకు చెదరి పరాయి యొడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సొమ్మును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండగా, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులదే యని ఆ ప్రభువు మాట యిచ్చెను.

అయితే ఒక రాజు మాట యతని రేవువఱకే చెల్లును. పనామా పతాకము క్రింద, గ్రీకు యజమాని సొమ్ముతో, భారత ఫిలిప్పీను నావికుల కష్టముమీద నడచెడి నేటి యోడకు శాసనకర్త యెవరు? దేశముల నడుమ ఒడంబడికలే దిక్కు. టైటానిక్ మునిగిన రెండేండ్లకు, 1914లో, కుదిరిన ప్రాణరక్షణ ఒడంబడికను ప్రపంచయుద్ధము అమలు కానీయలేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థకు 1948లో ఒడంబడిక కుదిరినను, అది అమలులోనికి వచ్చుటకు పదేండ్లు పట్టెను. సముద్రముపై సంప్రదింపులకు తొందర యెన్నడును లేదు!

ఓడల కర్బన ఉద్గారముల సంగతియు నట్లే యైనది. ఆ యుద్గారములపై రుసుము విధించుటకై 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ లండను సభలో ఆమోదము పొందిన ముసాయిదాపై తుదినిర్ణయమును, అమెరికా, సౌదీ అరేబియాల ప్రతిఘటన నడుమ, అక్టోబరులో ఏడాదిపాటు వాయిదా వేసిరి. పాతికేండ్లు నడువవలసిన ఓడను నేడు కట్టించువాడు ఏ యింధనమునకు తగిన యంత్రమును అమర్చవలయునో యెట్లు నిర్ణయించును? రుసుము భారము చివరకు తిండిగింజలను దిగుమతి చేసికొనెడి పేద ద్వీపములపై పడునన్న భయము మాత్రము నిరాధారము కాదు; వసూలగు ధనములో వాటి పాలు ఎంతయో సభ మరల కూడకమున్నే అంకెలలో తేల్చవలయును.