కొన్న పుస్తకానికి తాళమెందుకు?



కాపీలు చేయకుండా ఈ-పుస్తకానికి డిజిటల్ తాళం లేకపోతే రచయిత బతకడని మీ పత్రిక పోయిన సంచికలో రాశారు. రచయితకు డబ్బు అందాలన్నంతవరకు నాదీ అదే మాట. అందుకే నేను కొనే చదువుతాను.

మొన్న సంక్రాంతికి అమ్మ కోసం ఓ నవల కొన్నాను. ఆమె ట్యాబ్‌లో తెరవబోతే వేరే యాప్ దించుకోమంది. తర్వాత కొత్త ఖాతా, పాస్‌వర్డ్, ఓటీపీ. అన్నీ అయ్యాక ‘ఈ పరికరానికి అనుమతి లేదు’ అంటూ ఎర్రక్షరాలు! అమ్మ కళ్లజోడు తీసేసి, “అచ్చు పుస్తకమే తేరా నాయనా” అంది. అదే నవల దొంగ పీడీఎఫ్ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక్క నొక్కుకే తెరుచుకుంటోంది.

పైగా తాళమున్న పుస్తకం ఎప్పటికీ మనదేనన్న హామీ కూడా లేదు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేస్తే, జనం అప్పటికే కొనుక్కున్నవీ తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చారు, నిజమే. పుస్తకంలో రాసుకున్న నోట్సుకు మాత్రం 25 డాలర్లు లెక్కగట్టారు! మరోవైపు, ప్రచురణ సంస్థ టోర్ బుక్స్ 2012లో తన ఈ-పుస్తకాలకు తాళం తీసేసింది. దొంగ కాపీలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని ఏడాది తర్వాత ఆ సంస్థే ప్రకటించింది.

మన ప్రచురణకర్తలు తాళం బదులు కొన్నవారి పేరు పేజీ అడుగున వేసి ఇవ్వచ్చు. తన పేరున్న పుస్తకాన్ని ఊరంతా పంచడానికి ఎవరికీ చేతులు రావు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం