నిందాస్తుతికి నోచుకున్న పెట్టెబండి

వాహనము పట్ల మానవునకు గల మమకారము విచిత్రమైనది. వస్త్రము పాతబడినచో విడిచివేయును. ఇల్లు పాతబడినచో విసుగుకొనుచు మరమ్మతు చేయించును. బండి పాతబడినచో మాత్రము దానికొక ముద్దుపేరు పెట్టి మఱింత దగ్గఱకు తీసికొనును. అమెరికాదేశమున హోండా ఎలిమెంట్ అను కారుకు పట్టిన భాగ్యము ఇట్టిదే. 2003వ సంవత్సరపు నమూనాగా విపణికి వచ్చి, 2011తో ఉత్పత్తి నిలిచిపోయిన ఈ వాహనము ఒహాయో రాష్ట్రములోని ఈస్ట్ లిబర్టీ కర్మాగారమున తయారైనది. చూచుటకు చక్రములపై నిలిపిన చతురస్రపు పెట్టె. ముందు తలుపు ముందునకును, వెనుక తలుపు వెనుకకును తెఱచుకొనును. రెండింటి నడుమ స్తంభము లేదు. నేలపై తివాచీకి బదులు, తుడిచినంతనే శుభ్రపడు పూత కలదు. 2009లో పెంపుడు శునకమునకు మెత్తని శయ్య, ఎక్కుటకు వాలుబల్ల, నీటిపాత్ర కూర్చిన రూపమును సైతము ప్రకటించిరి. తన వెంట వచ్చిన శునకమును విడిచి ఇంద్రుని రథము నెక్కనని నిలిచిన ధర్మరాజు ఇచట జ్ఞప్తికి రాక మానడు.

ఉత్పత్తి ఆగి దశాబ్దము దాటినను, ఈ బండి యజమానులు కలిసినచోటెల్ల రెండు వివాదములు సాగుచుండును. ఇది నమ్మదగిన వాహనమా, కాదా అనునది మొదటిది. దీని వెనుక భాగమున హాస్యపు స్టిక్కర్లు అంటించుట తగునా, తగదా అనునది రెండవది. పైకి ఇవి కాలక్షేపపు మాటలుగా తోచును. విచారించినచో, మొదటిది ప్రమాణమునకును, రెండవది అహంకారమునకును సంబంధించిన ప్రశ్నలు.

మొదటి వివాదమున పూర్వపక్షి ఇట్లనును: "ఈ బండి 2 లక్షల మైళ్లు తిరిగినది. నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజిను. వేళకు ఆయిలు మార్చిన చాలును. ఇంతకాలము నడచినది కావున ఇకపైనను నడచును." ప్రతిపక్షి ఇట్లు బదులిచ్చును: "నాలుగు చక్రములకు శక్తి నందించు రకమున వెనుక డిఫరెన్షియలు మలుపులలో మూలుగును. ప్లాస్టిక్ పలకలు ఎండకు వెలసినవి. విడిభాగములు ఏటేట దుర్లభమగుచున్నవి."

న్యాయశాస్త్రము నభ్యసించినవారు ఇచట హేతువును పరీక్షింతురు. "ఇంతకాలము నడచుట" అను హేతువు "ఇకపై నడచుట" అను సాధ్యమును సిద్ధింపజేయునా? పొగయున్నచోట అగ్ని ఉండును గాని, అగ్ని ఉన్నచోటెల్ల పొగ ఉండదు. తడికట్టెల సంయోగము ఉన్నప్పుడే పొగ పుట్టును, అది ఉపాధి. అట్లే, పాతబండి నడచుటకు దాని వయస్సు కారణము కాదు. యజమాని చేసిన పోషణ ఇచట ఉపాధి. దానిని మాటుపఱచి, కీర్తినంతయు బండికిచ్చినచో హేతువు దుష్టమగును. అంతే కాదు, "నా బండి ఎన్నడును మోసగించలేదు" అని సభలో చెప్పువాడు ఎవడు? బండి ఇంకను నడచుచున్నవాడు. నడిత్రోవలో నిలిచిపోయి, దానిని తుక్కునకు అమ్ముకొన్నవాడు ఆ సభకు రాడు. కావున అచట వినబడు మాటలన్నియు ఒకవైపువే. పైగా ఆప్తుని వాక్యము ప్రమాణమనుటలో, ఆప్తుడనగా ఉన్నదున్నట్లు తెలిసి, ఉన్నదున్నట్లు చెప్పువాడు. తన వస్తువును గూర్చి చెప్పుచున్నప్పుడు మమకారము ఆ ఆప్తత్వమును హరించును.

ఈ దోషము తర్కమునకు పరిమితమైనచో చర్చింప పనిలేదు. ఇది ప్రాణములతో ముడిపడినది. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో సంచిని ఉబ్బించు భాగమందున్న అమ్మోనియం నైట్రేట్, ఏండ్ల తరబడి వేడిమికిని తేమకును గురియై చెడిపోయి, ప్రమాదవేళ లోహపు తునకలను ప్రయాణికులపైకి విసరగలదని తేలినది. అందుచే అనేక సంస్థలకు చెందిన కోట్లాది వాహనములను మరమ్మతునకు వెనుకకు పిలిచిరి. ఎలిమెంట్ కూడ ఆ పట్టికలో కలదు. మార్పు ఉచితమే. అయినను "ఇన్నేండ్లు ఏ ఇబ్బందియు లేదు గదా" అని ఉపేక్షించువారికి లోకమున కొఱత లేదు. రక్షించుటకు అమర్చినదే లోపల నిశ్శబ్దముగా మారణసాధనమగుచుండగా, ఇంజిను చక్కగా పలుకుచున్నదని మురియుట భ్రమ. కనబడు దోషము మూలిగి హెచ్చరించును. కనబడని దోషము హెచ్చరింపదు. పరీక్షకు ఒప్పుకొనని నమ్మకమునకు శ్రద్ధ యను పేరు తగదు, అది సోమరితనము. ప్రక్క సీటులో కూర్చున్న పసిబిడ్డ ఆ సోమరితనమునకు మూల్యము చెల్లింపరాదు.

ఇక రెండవ వివాదము. యజమానులలో కొందఱు ఈ బండిని "టోస్టరు" అని పిలుచుకొందురు. రొట్టెముక్కలు పైకి లేచుచున్న టోస్టరు బొమ్మను దాని వెనుక అంటింతురు. మఱికొందఱు ఇది చౌకబారుతనమనియు, మంచి వాహనమును అవమానించుట యనియు కోపింతురు. ఈ విషయమున సంప్రదాయము నవ్వువారి పక్షమే వహించును.

మన సాహిత్యమున నిందాస్తుతి యను ప్రక్రియ కలదు. కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువును ఆంధ్రనాయకశతకమున నిందించుచున్నట్లే స్తుతించెను. ఎంతో చనువు లేనిదే ఆ నింద నోట రాదు. మహాకాయుడైన వినాయకునకు మూషికమును, ఐశ్వర్యప్రదాతయైన శివునకు ఎద్దును వాహనములుగా తలచి నవ్వుకొన్న జాతి మనది. ఆ నవ్వు భక్తిని తగ్గింపలేదు; దగ్గఱ చేసినది.

మఱియొక మాట. తల్లి తన బిడ్డ బుగ్గపై నల్లని చుక్క పెట్టును. బిడ్డ అందముగా నున్నాడని అందఱును అనకముందే తానే ఒక లోపమును దిద్దును. పెట్టెబండికి అంటించిన టోస్టరు బొమ్మ అట్టి దిష్టిచుక్కయే. మన తెలుగునాట లారీలకు నిమ్మకాయలు, మిరపకాయలు, పాతచెప్పు కట్టుదురు. ఆటోల వెనుక "నన్ను చూసి ఏడవకు" అని వ్రాయింతురు. ఈ రెండింటి ఉద్దేశము ఒకటే, మనఃస్థితి వేఱు. "నన్ను చూసి ఏడవకు" అనువాడు ఎదుటివానిలో అసూయను ఆరోపించుచున్నాడు. తాను అసూయకు తగినవాడనని చాటుచున్నాడు. "నాది టోస్టరు" అనువాడు ఎవనిపైనను ఏమియు ఆరోపించుట లేదు. చూచువాడు అసూయపడుటకు మారుగా నవ్వి ముందుకు సాగును. దృష్టిదోషమునకు ఇంతకు మించిన పరిహారము లేదు.

అయినను హాస్యమునకు హద్దులు కలవు. తన బండిని గూర్చి నవ్వవచ్చును. ప్రక్కవాని బండిని, జాతిని, భాషను గూర్చి అంటించిన నవ్వు హింస యగును. బ్రేకుల పని దేవునిదే అను భావము గల పరిహాసము, నిజముగా బ్రేకులు అరిగిన బండిపై నున్నచో అది పాపము. భగవద్రూపమును బంపరుపై, బురద చిందు చోట, కాలు తగులు చోట అంటించుట అపచారము. "అర్జునుని రథముపై హనుమంతుడు లేడా?" అని కొందఱు ప్రశ్నింతురు. ఉన్నాడు, ధ్వజాగ్రమున, అందఱికంటె ఎత్తున ఉన్నాడు. భీమునకు ఇచ్చిన మాట ప్రకారము అచట వసించినాడు గాని అలంకారముగా కాదు. భీష్మునకు తాళధ్వజము, ద్రోణునకు వేదియు కమండలువును గుర్తులు. ధ్వజమును చూచి వచ్చుచున్నవాడెవడో లోకము గుర్తించెడిది. వెనుక అద్దముపై స్వామిరూపము నుంచుకొని, ఎఱ్ఱదీపమును దాటి దూసుకొనిపోవువాడు ఏ స్వామి పేరును లోకమున నిలుపుచున్నాడో ఆలోచించుకొనవలెను.

అమెరికాలోని తెలుగు కుటుంబములు క్రొత్త కారు కొన్నంతనే ఆలయమునకు తెచ్చి వాహనపూజ చేయించుట పరిపాటి. పిట్స్‌బర్గ్ చెంత పెన్‌హిల్స్ వేంకటేశ్వరుని సన్నిధికి ఒహాయో నుండియు భక్తులు వచ్చెదరు. కొబ్బరికాయ, కుంకుమ, చక్రముల క్రింద నిమ్మకాయలు అన్నియు శుభములే. కాని మహానవమి నాడు ఆయుధపూజకు ముందు పనిముట్లను కడిగి, తుప్పు వదిలించి, పదును పెట్టుట పెద్దల ఆచారము. పూజకు శుద్ధి పూర్వాంగము. బ్రేకులు చూపించుట, టైర్లు మార్పించుట, వెనుకకు పిలిచిన భాగమును సరిచేయించుట నేటి వాహనశుద్ధి. దానిని విడిచి నిమ్మకాయపై భారము వేయువాడు నిమ్మకాయను నమ్మినవాడే గాని దైవమును నమ్మినవాడు కాడు. క్రొత్త బండికి ఒకసారి చేసిన పూజతో తృప్తిపడక, పాతబండికి ఏటేట శుద్ధియు పూజయు చేయించుట ఉత్తమము. రక్ష అవసరమైనది పాతదానికే.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వర్ణించినది. రథము అందమును గూర్చి అందొక మాటయు లేదు. శ్రద్ధయంతయు సారథి మెలకువపైననే. భారతయుద్ధము ముగిసిన దినమున శ్రీకృష్ణుడు అర్జునుని ముందుగా రథము దిగుమనెను. తాను దిగినంతనే ఆ దివ్యరథము భస్మమయ్యెను. ద్రోణకర్ణుల అస్త్రములచే అది ఏనాడో దగ్ధమైనది. స్వామి కూర్చుండుటచే నిలిచినది. అర్జునుడంతటివాని రథమునకే కాలము తీరినది. ఒహాయోలో పుట్టిన పెట్టెబండికిని తీరును; దానిని నడుపుచున్న దేహమునకును తీరును.

కావున నడచినన్నాళ్లు జాగ్రత్తగా నడుపవలెను, వేళకు పరీక్షింపవలెను, నవ్వుచు నడుపవలెను. తన పెట్టెబండిని చూచి నవ్వగలిగినవాడు, అద్దములో నెఱసిన తన తలను చూచి కూడ ఒకనాడు నవ్వగలుగును. వైరాగ్యమునకు అది చిన్న మెట్టే అయినను, మెట్టే.

శుభం భూయాత్.