నాటుమాటలలో నెయ్యము

ఆంగ్లమున మిత్రుని పేర్కొనుటకు 'ఫ్రెండు' అను మాటను మనము బడిలో నేర్చుకొందుము. బ్రిటనులో గనులయొద్దను, పల్లెలయందును సామాన్యజనులు వాడు మాటలు వేఱు. వానిని మోటమాటలని కొందఱు త్రోసివేయుదురు. అది తగదని మా యభిప్రాయము.

ఇంగ్లండు ఉత్తరభాగమునందలి డర్హాము, కంబర్లండు సీమలలో బొగ్గుగని కూలీలు తోడివానిని 'మర్రా' యని పిలిచెడివారు. డర్హాము గనులలో మర్రాలు ఒకేచోట వంతులవారీగ బొగ్గు త్రవ్వి, వచ్చిన కూలిని పంచుకొనెడివారు. చీకటిలో ఒకరి ప్రాణమునకు మఱియొకరు కాపు. 1993లో డర్హాము సీమయందలి తుది లోతుగని మూతపడినది. మాట మాత్రము మూతపడలేదు. గని నెన్నడు నెఱుగని యువకులును నేడు దానిని వాడుచున్నారు.

దక్షిణ వేల్సు గనులలోని 'బట్టీ' యు నిట్టిదే. 'చమ్' అనగా మొదట ఒకే గదిలో నుండువాడని పండితులు తలంతురు. మన 'సావాసగాడు' సహవాసమునుండి పుట్టినవాడే గదా! 'పాల్' అనుమాట కథ మఱింత వింతయైనది. రోమానీ జనుల భాషలో సోదరుడని యర్థమిచ్చు మాటనుండి అది 17వ శతాబ్దిలో ఆంగ్లమున చేరినది. రోమానీల పూర్వులు భారతదేశమునుండి వెడలినవారు. ఆ మాట మన 'భ్రాతృ' శబ్దమునకు చుట్టము. తాము చులకనగ జూచిన సంచారులయొద్దనే ఆంగ్లేయులు స్నేహమునకు పేరు తెచ్చుకొనిరి!

ఇట్టి మాటలను ప్రోగుచేసి, 1898 మొదలు 1905 వఱకు ఆఱు సంపుటముల మాండలిక నిఘంటువును వెలువరించినవాడు జోసెఫ్ రైటు. బాల్యమున మిల్లులో కూలిచేసి, పదునైదేండ్ల ప్రాయమున చదువ నేర్చిన యాతడు పిదప ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. పండితుడైన వెనుకను ఆతడు కూలిజనుల మాటలను మఱవలేదు.

పరీక్షలకును, అర్జీలకును ప్రమాణభాష వలయునని మేమును ఒప్పుకొందుము. కాని దానిని నేర్చుటకై ఇంటిమాటను విడువనక్కఱలేదు. పుస్తకపు మాట మిత్రుడెవడో చెప్పును. నాటుమాట ఆ మైత్రి యెట్లు కలిగినదో చెప్పును: ఒకే గనిలో, ఒకే కూలితో, ఒకే గదిలో.

విద్యార్థి సోదరులారా! పల్లెనుండి వచ్చిన బాలుడు తరగతిలో 'ఓ సావాసగాడా' యని పిలిచిన నవ్వువారు మనలోను కలరు. నవ్వుటకు ముందు, ఆ పిలుపునకు తాము తగుదురో లేదో వారు విచారించుకొందురుగాక!