ఐరన్ ఓరా? ట్రైకార్న్ బ్లాకా?

ఈ మధ్య విల్లాలు కొనుక్కున్న మనవాళ్ళ మధ్య నడుస్తున్న మహాసంగ్రామం ఇదీ. ఇంటి బయటి గోడలకి ఐరన్ ఓర్ వెయ్యాలా, ట్రైకార్న్ బ్లాక్ వెయ్యాలా అని! రెండూ అమెరికా కంపెనీ షెర్విన్ విలియమ్స్ వాళ్ళ షేడ్లే. డాలస్‌లో ఉన్న బావమరిది పంపిన ఫొటోలో ఇల్లు అదిరిపోయిందట, కాబట్టి తెల్లాపూర్‌లోనూ అదే కావాలి. ఇక్కడ షాపువాడు మెషీన్ మీద దగ్గరి షేడ్ కలిపిస్తాడు. ఇక వాట్సాప్‌లో పోల్, ఇంట్లో అలకలు... దీనికి ఎక్సెల్ షీట్ కట్టినాయన కూడా ఉన్నాడు, ఒట్టు!

సరే, లెక్కలే కావాలంటే చూద్దాం. ప్రతి రంగుకీ ఎల్ఆర్‌వి అని ఓ అంకె ఉంటుంది. మీద పడిన వెలుగులో ఎంత శాతం తిప్పికొడుతుందో అది చెబుతుంది. ఐరన్ ఓర్‌ది 6, ట్రైకార్న్ బ్లాక్‌ది 3. అంటే ఒకటి నూటికి 94 పాళ్ళు మింగేస్తుంది, రెండోది 97. పక్కపక్కన పెడితే తేడా తెలియదని నేననను. ఒకటి బొగ్గు, ఇంకోటి కాటుక. కానీ వీధిలోంచి చూసేవాడికి పోల్చుకోడానికి పక్కన రెండో ఇల్లుండదు కదా?

పైగా ఇది కంటికి కనిపించే వెలుగు సంగతి మాత్రమే. ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో వస్తుంది. కార్బన్ బ్లాక్ కలిపిన మామూలు నల్లరంగు దాన్నీ వదలదు. డాలస్ ఇంటి గోడలో చెక్క ఫ్రేముల మధ్య ఇన్సులేషన్ కుక్కి ఉంటుంది. మన గోడలో ఉండేది ఇటుకా, సిమెంటూ. మే నెల మధ్యాహ్నం పడమటి గోడ తాగిన వేడిని రాత్రి పడగ్గదిలో తీరిగ్గా కక్కుతుంది. తెలంగాణ ప్రభుత్వమేమో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి డాబాల మీద వేడిని తిప్పికొట్టే పూత వెయ్యమంది. మనమేమో ముచ్చటపడి గోడలకి మసి పూస్తున్నాం.

ముదురు రంగు ఎండకి వెలిసినా, గోడలోంచి ఉప్పు పొంగినా, టచప్ చేసినా ఆ మచ్చలు కొట్టొచ్చినట్టు కనపడతాయి. అది వదిలేయండి, డబ్బుతో పోయేది.

అసలు పగలంతా ఆ ఇంట్లో ఉండేదెవరండీ? మనం ఆఫీసు ఏసీలో ఉంటాం. పడమటి గదిలో ఉండేది ఊరునుంచి తీసుకొచ్చిన అమ్మానాన్నలు. "కరెంటు బిల్లు ఎందుకురా" అని ఏసీ కట్టేసుకునే మనుషులు వాళ్ళు. పోల్‌లో వాళ్ళకి ఓటు లేదు మరి!

నలుపు మీద అంత మోజుంటే గేటుకి వేసుకోండి, కిటికీ ఫ్రేములకి వేసుకోండి, ఉత్తరం గోడకి వేసుకోండి. ఆ రెండిట్లో ఏదైనా ఫరవాలేదు. మిగతా గోడల సంగతి తేల్చేముందు రెండు సిమెంటు రేకు ముక్కలు తెచ్చి, ఒకదానికి మీ నలుపు, ఇంకోదానికి తెలుపు రెండేసి కోట్లు వేసి పడమటి గోడకి ఆనించండి. మధ్యాహ్నం మూడింటికి రెండిటిమీదా చెయ్యి పెట్టి చూసి, అప్పుడు పెట్టుకోండి పోల్ :)