‘మేము’ అంటే ఎవరు?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా ఆయన 140 పేజీల రాతప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. జపాన్ యాత్ర. 2024 నవంబరులో మేమిద్దరం వీపులకి సంచులు తగిలించుకుని 22 రోజులు తిరిగొచ్చాం కదా, అదీ. ‘అచ్చుతప్పులు చూసిపెట్టు, నువ్వయితే బాగా చూస్తావు’ అన్నాడు. 30 ఏళ్ళు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పినదాన్ని. ఎర్రకలం తీసుకుని కూర్చున్నాను.

అచ్చుతప్పులు పెద్దగా లేవు. ఆయన వాక్యం బాగుంటుంది, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ పదో పేజీ దాటాక తప్పులు వెతకడం మానేసి ఇంకోటి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 140 పేజీల్లో ‘మా ఆవిడ’ 11 సార్లు వచ్చింది. నాలుగు సార్లు ఆవిడకి ఆకలేసింది. మూడు సార్లు కాళ్ళు నొప్పెట్టాయి. రెండు సార్లు షాపుల్లో ఆలస్యం చేసింది. ఒకసారి దారి తప్పించింది, ఒకసారి బస్సులో నిద్రపోయింది. మిగతా పుస్తకమంతా ‘మేము’. మేము నిర్ణయించుకున్నాం, మేము కనుక్కున్నాం, మేము సర్దుకున్నాం. ఈ ‘మేము’ దగ్గరే నా పేచీ. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన నన్ను ‘మా ఆవిడ’ అన్నట్టే నేనూ ‘మా ఆయన’ అంటాను. ఆ మాట ఎలా ఉంటుందో ఆయనా చూడాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. ‘రైల్వే పాసు కొనకూడదని మేము నిర్ణయించుకున్నాం’ అని రాశాడు. ఏడు రోజుల జపాన్ రైల్ పాసు 2023 అక్టోబరుకి ముందు 29,650 యెన్లు. ఆ తర్వాత 50,000 అయింది. అది కొంటే లాభమా, విడి టికెట్లు కొంటే లాభమా అన్నది తేలాలంటే ఏ రోజు ఎక్కడ ఉంటామో, ఏ రైలెక్కుతామో అన్నీ రాసుకుని కూడాలి. రెండు రాత్రులు కూర్చుని నేను కూడాను. ఆ రెండు రాత్రులూ ఆయన టీవీలో క్రికెట్ చూశాడు. మూడో రోజు పొద్దున ‘పాసు వద్దు’ అన్నాను. ‘సరే’ అన్నాడు. ఆ ‘సరే’ పేరు పుస్తకంలో ‘మేము నిర్ణయించుకున్నాం’!

బయల్దేరే ముందు ఆయన నాతో అన్న మాట మీకు చెప్పాలి. ‘ఈ 22 రోజులూ నీకు ఇంటి చాకిరీ ఉండదు. వంట లేదు, గిన్నెల్లేవు, ఎవరూ రారు.’ నేనూ నమ్మాను. సంచి వీపున వేసుకుని తిరగడం అంటేనే ఇల్లు వదిలేయడం అని కదా ఆ ప్రయాణాల గురించి రాసేవాళ్ళందరూ చెప్పేది! తీరా చూస్తే ఇల్లు వదలలేదు, మడత పెట్టి నా సంచిలో పెట్టుకున్నాను. కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు, ఆయన బీపీ మాత్రలు, ఇద్దరి పాస్‌పోర్టు నకళ్ళు, సూదీ దారం. ఆయన సంచి నా సంచి కన్నా రెండు కిలోలు ఎక్కువ బరువు. ఆ విషయం పుస్తకంలో రెండు చోట్ల ఉంది. ఏ సంచిలో ఏముందో, ఏది ఎప్పుడు అయిపోతుందో తలలో మోసే బరువుకి తూకం లేదు కాబట్టి అది ఎక్కడా లేదు.

ఆయన శాకాహారి. నేను కాదు. మా పుట్టింట్లో చేప లేనిదే ఆదివారం లేదు. జపాన్‌లో నా ఒక్కదాని సంగతే అయితే చెయ్యి చాపితే తిండి. ఆయనకి మాత్రం ప్రతి ముద్దా ఒక పరీక్ష. అక్కడ పులుసులో, కూరలో, సాస్‌లో అంతటా ‘దాషి’ ఉంటుంది. చాలాచోట్ల అది ఎండబెట్టిన కత్సువో చేప తురుముతో తీసిన రసం. పైకి చేప ముక్క కనపడదు. వేయించిన తోఫూ సంచిలో అన్నం పెట్టిన ఇనారి కూడా చూడ్డానికి శాకాహారమే, ఆ తోఫూ ఉడికింది దాషిలో. ఇదంతా నేర్చుకున్నదెవరు? చేప, మాంసం, పంది అనే మూడు అక్షరాలు కాగితం మీద వందసార్లు దిద్దుకుని, రాత్రి తొమ్మిదింటికి కన్వీనియెన్స్ స్టోరులో అన్నం ముద్దల పొట్లాలు ఒక్కొక్కటే తిప్పి చదివిందెవరు? ఉప్పులో ఊరిన ఉమెబోషి పెట్టిన ముద్ద మన ఊరగాయన్నంలా ఉంటుందని కనిపెట్టిందెవరు? రాతప్రతిలో ఈ అధ్యాయం పేరు ‘జపాన్‌లో శాకాహారిగా బతకడం ఎలా?’ శాకాహారం ఆయనది, చదువు నాది. పైగా ‘షాపుల్లో ఆలస్యం చేసింది’ అన్న రెండు సార్లలో ఒకసారి ఇదే!

క్యోటోలో వాన పడిన సాయంత్రం గురించి ఆయన రెండు పేజీలు రాశాడు. గుడి చూరు నుంచి కారే నీళ్ళు, తడిసిన నాచు, ఎర్రబారిన మేపుల్ ఆకులు. చదువుతూ నేనే ముచ్చటపడ్డాను. ఆ సాయంత్రం నేనెక్కడున్నానని ఆలోచించాను. హాస్టల్ వెనక సందులో కాయిన్ లాండ్రీలో ఉన్నాను. ఆరబెట్టే యంత్రంలో 100 యెన్ల బిళ్ళలు వేస్తూ, ఆయన రెండో జత ప్యాంటు ఆరుతుందా లేదా అని అద్దంలోంచి చూస్తూ ఉన్నాను. నా పక్కన ఒక పెద్దావిడ పిల్లాడి స్కూలు బట్టలు మడత పెడుతోంది. నావైపు చూసి నవ్వింది, నేనూ నవ్వాను. భాష అక్కర్లేకపోయింది. ఆ వాన నాకూ కురిసింది కానీ నేను దాన్ని చూడలేదు.

‘మరి ఆయన్ని వెళ్ళమనలేకపోయావా?’ అని అడుగుతారు. అడగండి. ఒకరోజు వెళ్ళమన్నాను. వెళ్ళాడు. ‘సబ్బు ఎంత వెయ్యాలి? ఏ మీట నొక్కాలి? నీ స్వెట్టర్ ఇందులో వెయ్యొచ్చా?’ అని అరగంటలో నాలుగు సార్లు ఫోన్ చేశాడు. యంత్రం మీద రాసింది నాకు మాత్రం అర్థమవుతుందా? పని చెయ్యడం వేరు, పని తనది అనుకోవడం వేరు. మా ఆయన మంచివాడు, చెప్తే చేస్తాడు. ఆ ‘చెప్తే’ అనేదే రెండో ఉద్యోగం.

టోక్యోలో పొద్దుటి రద్దీ రైళ్ళలో ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది. 2000 తర్వాత మొదలుపెట్టి చాలా లైన్లకి విస్తరించారు. రద్దీలో ఒంటి మీద చేతులు వేసేవాళ్ళని ఆపలేక పెట్టిన ఏర్పాటు అది. మగవాళ్ళు మారాల్సిన చోట ఆడవాళ్ళని పక్క పెట్టెలోకి పంపడం ఏ దేశంలోనైనా ఒకటే తీరు. ఆ పొద్దున నేను ఆ పెట్టె ఎక్కాను, ఆయన పక్క పెట్టె ఎక్కాడు. ‘పదిహేను నిమిషాల ప్రశాంతత’ అని ఆయన పుస్తకంలో ఒక జోకు ఉంది. నాకూ ప్రశాంతతే. 22 రోజుల్లో ‘తర్వాత ఎక్కడ దిగాలి?’ అని నన్నెవరూ అడగని పదిహేను నిమిషాలవి. అయితే నేను దాన్ని జోకుగా రాయలేను.

ఒక పల్లెలో మేమున్న చిన్న సత్రం నేను బుక్ చేశాను. నా కార్డుతో, నా పేరుతో. వెళ్ళేసరికి గుమ్మం దగ్గర పలక మీద ఆయన ఇంటిపేరు, పక్కన ‘ఇద్దరు’ అని రాసి ఉంది. నేను ఆ ‘ఇద్దరు’లో కలిసిపోయాను. ఇంటావిడ ఎంతో మర్యాదగా ‘గోషుజిన్’ అని ఆయన్ని చూపించి ఏదో అడిగింది. ‘షుజిన్’ అంటే యజమాని, మొగుడన్నా అదే మాట. తన పెళ్ళాన్ని చెప్పాలంటే ‘కనాయ్’, అంటే ఇంటి లోపలిది. పక్కవాళ్ళ పెళ్ళాన్ని ‘ఓకుసాన్’ అంటారు, అందులోనూ లోపలే. నవ్వొస్తోందా? ‘మా ఇంట్లోవాళ్ళు’ అని పెళ్ళాన్ని చెప్పే మన మగవాళ్ళని, ‘ఇల్లాలు’ అనే మన మాటని తల్చుకుని తర్వాత నవ్వుదాం. అక్కడి పౌరస్మృతి 750వ నిబంధన ప్రకారం పెళ్ళయిన ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలి. ఎవరిదైనా కావచ్చు అంటుంది చట్టం. కానీ నూటికి 90కి పైగా జంటల్లో మార్చుకునేది ఆడది. 2015లో ఒకసారి, 2021లో ఇంకోసారి అక్కడి సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగబద్ధమేనంది. ‘ఎవరైనా’ అన్న మాట ‘మేము’ లాంటిదే. చూడ్డానికి ఇద్దరికీ సమానం, బరువు ఒకరిది.

ఇక కోయసాన్. 816లో కూకాయ్ అనే బౌద్ధ గురువు మొదలుపెట్టిన కొండ మీది మఠాల ఊరు. ఒసాకా నుంచి రైలు, తర్వాత తాళ్ళ రైలు, ఆపైన బస్సు. బస్సు ఊళ్ళోకి పోతూ ముందు ఆగే చోట ‘న్యోనిందో’ అని చిన్న చెక్క గుడి ఉంది. ఆడవాళ్ళ మందిరం. వెయ్యేళ్ళకి పైగా ఆడవాళ్ళు ఈ కొండ మీది ఊళ్ళో అడుగు పెట్టకూడదు. ఏడు దారుల మొగదలా ఇలాంటి మందిరాలుండేవి. అక్కడిదాకా వచ్చి, లోపలికి పోలేక, కొండ అంచుల చుట్టూ నడిచి దండం పెట్టుకుని పోయేవాళ్ళు. 1872లో మీజీ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఏడింట్లో ఇదొక్కటే మిగిలింది. నేను దిగి ఆ గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాను. ఆయన ‘ముందు లోపలివి చూద్దాం, చీకటి పడుతుంది’ అని తర్వాతి బస్సులో వెళ్ళిపోయాడు. పుస్తకంలో కోయసాన్‌కి తొమ్మిది పేజీలున్నాయి. రెండు లక్షలకి పైగా సమాధులున్న ఓకునొయిన్ శ్మశానం ఉంది, మఠంలో తిన్న శాకాహార భోజనం ఉంది. న్యోనిందో లేదు.

అదే పర్వతాల్లో ఓమినె కొండ శిఖరం దారిలో ఆడవాళ్ళు రాకూడదన్న బోర్డు ఇంకా ఉంది. 2004లో యునెస్కో ఈ యాత్రా మార్గాలన్నిటినీ ప్రపంచ వారసత్వంలో చేర్చినా ఆ గీత చెరగలేదు. శబరిమల చూసినవాళ్ళం, మనకి కొత్తేం కాదు. కానీ పక్కనే కుమనో ఉంది. అక్కడ ఆడవాళ్ళకి అడ్డు లేదు. ఇజుమి షికిబు అనే పాతకాలపు కవయిత్రి గుడి దాకా నడిచొచ్చి, నెలసరి వచ్చి ఆగిపోయి బాధపడితే, దేవుడే ‘ఫరవాలేదు, రా’ అన్నాడని ఒక కథ. నిజమో కాదో గానీ, ఒక ఆడమనిషి తన ఒంటి సంగతి ఆ దారి చరిత్రలోకి ఎక్కించగలిగింది. నేను ఆ దారి నడిచింది నొప్పులున్న మోకాళ్ళతో. అవి పుస్తకంలోకి ‘కాళ్ళ నొప్పులు’గా ఎక్కాయి, నా కథగా కాదు.

అసలు పేచీ ఇప్పుడు చెప్తాను. ఆయన పుస్తకంలో ప్రతి ధరా, ప్రతి రైలు సమయమూ, ప్రతి పల్లె పేరూ సరిగ్గా ఉన్నాయి. ఎలా? టోక్యోలో హండ్రెడ్ యెన్ షాపులో నేను కొనుక్కున్న లెక్కల పుస్తకంలోంచి. జపాన్‌లో ఇంటి జమాఖర్చుల పుస్తకాన్ని ‘కకెయ్‌బో’ అంటారు. హాని మోతోకో అనే పాత్రికేయురాలు 1904లో దాన్ని ఆడవాళ్ళ కోసం తయారుచేసింది. నా కకెయ్‌బోలో ఖర్చు పక్కనే ఆ రోజు చూసిందీ, అనుకున్నదీ ఒకటి రెండు ముక్కలు రాసుకున్నాను. అవీ అతని వాక్యాల్లో ఉన్నాయి. నన్నడగలేదు. ‘మనిద్దరిదీ కదా’ అన్నాడు.

ఆడవాళ్ళ రాత అలా వేరేవాళ్ళది కావడం కొత్త కాదు. పదో శతాబ్దంలో కి నో త్సురయుకి ఆడదాని గొంతుతో ‘తోసా నిక్కి’ అనే యాత్ర డైరీ రాశాడు, ఆయన పేరు నిలిచింది. పదకొండో శతాబ్దంలో ‘సరషినా నిక్కి’ రాసిన ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. తకసుయె కూతురు అంటారు, అంతే. మన దగ్గర 1870ల్లో మొగుడితో ఇంగ్లండ్ వెళ్ళిన పోతం జానకమ్మ తన యాత్ర తానే రాసుకుంది. ఎంతమందికి తెలుసు?

నన్ను కూడా నేను వదిలిపెట్టను. ఈ 22 రోజులూ హైదరాబాదులో మా ఇంటి మొక్కలకి నీళ్ళు పోసి, పాలవాడికి జవాబు చెప్పింది మా పనావిడ. నా యాత్రలో ఆమె శ్రమ ఉంది. 1878లో జపాన్ తిరిగిన ఇసబెల్లా బర్డ్ ఒంటరి సాహసి అంటాం, వెంట ఇతో అనే దుబాసీ కుర్రాడు లేకపోతే ఆమె తిరగగలిగేదా? ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పోతే పల్లకీ మోసింది బోయీలు. ఎవరో మొయ్యకుండా యాత్ర లేదు. కాబట్టి మోసినవాళ్ళని రాయాలి అంటున్నాను. మా పనావిడకి ఆ నెల జీతం తప్ప ఏమీ ఇవ్వలేదని నా కకెయ్‌బోలో చూసుకుని సిగ్గుపడ్డాను, ఆ బాకీ తీర్చాను.

రాతప్రతి తిరిగిచ్చేశాను. ఒక్క అచ్చుతప్పూ దిద్దలేదు. ప్రతి ‘మేము’ చుట్టూ ఎర్రకలంతో సున్నా చుట్టి, పక్కన ‘ఎవరు?’ అని రాశాను. 212 సున్నాలు. చివరి పేజీలో రెండు దారులు చూపించాను. నా పుస్తకంలోంచి తీసుకున్నవన్నీ తీసెయ్యి, లేదా అట్ట మీద నా పేరు కూడా వెయ్యి. ‘నువ్వు మరీ చిన్న విషయాల్ని పెద్దవి చేస్తావు’ అన్నాడు. చిన్న విషయాలయితే తీసెయ్యడం తేలికే కదా? రెండు వారాలయింది, ఇంకా ఆలోచిస్తున్నాడు. నా లెక్కల పుస్తకం మాత్రం ఆయన బల్ల మీంచి తెచ్చి నా బీరువాలో పెట్టుకున్నాను. మీ దగ్గరా అలాంటివి ఉంటాయి, పాల లెక్కలు, చాకలి పద్దులు, ప్రయాణపు చిట్టాలు. పాత కాగితాలకి వెయ్యకండి. ముందు మీరే చదువుకోండి.