సైనిక విశ్రాంతి గృహాలు.. అర్హులెవరు?

పింఛను పనిపై జిల్లా కేంద్రానికి వచ్చే మాజీ సైనికులకు, వైద్యం కోసం నగరానికి వెళ్లే వారి కుటుంబాలకు, సెలవుల్లో యాత్రకు బయల్దేరే వారికి తక్కువ అద్దెకు బస కల్పించేందుకు దేశవ్యాప్తంగా సైనిక విశ్రాంతి గృహాలు ఉన్నాయి. అయితే ఊళ్లో ‘మిలటరీ వాళ్లు’గా పేరున్న ప్రతి కుటుంబానికీ ఈ వసతి వర్తించదు. ఎన్నేళ్లు సేవ చేశారన్న దానికంటే, ఆ సేవ ఏ విధంగా ముగిసిందన్నదే ఇక్కడ కీలకం.

రెండు వ్యవస్థలు

సైనిక వసతి గృహాల్లో రెండు రకాలున్నాయి. రాష్ట్ర, జిల్లా సైనిక సంక్షేమ శాఖల పరిధిలోని విశ్రాంతి గృహాలు ప్రధానంగా మాజీ సైనికులు, వారి వితంతువులు, ఆశ్రితుల కోసం ఉద్దేశించినవి. త్రివిధ దళాలు సొంతంగా నిర్వహించే హాలిడే హోంలు రెండో రకం. వీటిలో సర్వీసులో ఉన్నవారికి ప్రాధాన్యం ఉంటుంది. అధికారులకు, జవాన్లకు విడివిడిగా గదులు కేటాయిస్తారు. ఖాళీని బట్టి మాజీలకు అవకాశం లభిస్తుంది.

నిర్వచనమే గీటురాయి

పింఛనుతో పదవీ విరమణ చేసినవారు, సేవ కారణంగా అనారోగ్యానికో వైకల్యానికో గురై వైద్య పింఛనుతో విడుదలైనవారు కేంద్ర ప్రభుత్వ నిర్వచనం ప్రకారం మాజీ సైనికులే. పింఛను లేకున్నా నిర్ణీత కాలం సేవ పూర్తిచేసి గ్రాట్యుటీ పొందినవారు కూడా ఈ కోవలోకి వస్తారు. క్రమశిక్షణ చర్యపై తొలగింపునకు గురైనవారికి ఆ హోదా దక్కదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు హోం శాఖ పరిధిలోనివి. వాటి నుంచి విరమణ చేసినవారికి ఆ శాఖ 2012లో ప్రత్యేక గుర్తింపు ఇచ్చినా, రక్షణ శాఖ నిర్వచనంలో వారు మాజీ సైనికులు కారు. పల్లెల్లో ఈ తేడా తెలియక దరఖాస్తు చేసి నిరాశపడేవారు ఉన్నారు.

అగ్నివీరుల మాటేమిటి?

ఇప్పుడు తెరపైకి వస్తున్న అసలు ప్రశ్న ఇదే. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారి సేవాకాలం నాలుగేళ్లు. గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారు సేవానిధితో ఇంటికి రావలసిందే. వారికి పింఛను గానీ, గ్రాట్యుటీ గానీ లేదు. మాజీ సైనిక హోదా, క్యాంటీన్, మాజీ సైనికుల ఆరోగ్య పథకం కూడా వర్తించవని పథకం నిబంధనలు స్పష్టం చేశాయి. 2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణలో చేరిన తొలి జట్ల గడువు 2026 చివరి నుంచి ముగుస్తుంది.

తెలుగు జిల్లాలకు ఇది దూరపు విషయం కాదు. పశ్చిమగోదావరి జిల్లా మాధవరం ప్రపంచ యుద్ధాల కాలం నుంచి సైన్యానికి యువకులను పంపుతున్న గ్రామం. 2025 మేలో జమ్మూకాశ్మీర్‌లో వీరమరణం పొందిన శ్రీసత్యసాయి జిల్లా జవాను మురళీ నాయక్ అగ్నివీరుడే. అగ్నివీరుడు విధుల్లో అమరుడైతే బీమా, పరిహారం అందుతాయి గానీ, సాధారణ జవాను కుటుంబానికి లభించే కుటుంబ పింఛనుకు పథకంలో చోటులేదు.

పత్రాలు సరిచూసుకోవాలి

అర్హత ఉండీ గది దొరకని సందర్భాలకు రికార్డుల్లోని లోపాలు ఒక కారణం. డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే భర్త మరణానంతరం వితంతు గుర్తింపు కార్డుకు ఇబ్బంది ఎదురవుతుంది. మాజీ సైనికులు జీవించి ఉండగానే భార్యాపిల్లల పేర్లు, పుట్టిన తేదీలను రికార్డు కార్యాలయంలో సరిచేయించుకోవడం, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం మేలు.

విశ్రాంతి గృహంలో గది చిన్న సౌకర్యమే కావచ్చు. కానీ ఎవరిని మాజీ సైనికుడిగా గుర్తించాలన్న పెద్ద ప్రశ్న అక్కడి రిజిస్టరులోనే తేలుతోంది. నాలుగేళ్లు సరిహద్దులో నిలబడి వచ్చిన యువకుడికి ఆ రిజిస్టరులో చోటు ఉండాలా, వద్దా అన్నది నిర్ణయించవలసింది కేంద్రమే. తొలి జట్లు ఇళ్లకు చేరేలోపే ఆ సమాధానం రావడం సముచితం.